మిగిలిన రెండడుగులు

సూరయ్యను పోలీసులకు అప్పగించడానికి ఇంకా గంటా నలభై నిమిషాలుంది.

శనివారం మధ్యాహ్నం, బందరులోని దివి రైతుల నీటి సంఘం ఆఫీసులో గోడగడియారం మూడూ ఇరవై చూపిస్తోంది. సరిగ్గా అయిదింటికి ప్రెసిడెంటు ఈశ్వరరావు ఫిర్యాదు మీద సంతకం పెడతాడు. ఆ సంతకంతో కోడూరు లాకు లస్కరు సూరయ్య ఉద్యోగం పోతుంది, లాకు పక్కనున్న క్వార్టరు పోతుంది, పదకొండేళ్ళుగా షట్టర్లు ఎత్తి దించి సంపాదించుకున్న మంచి పేరు కూడా పోతుంది.

దాన్ని ఆపాల్సిన డిటెక్టివ్ శోభనాద్రి అప్పుడే మెట్లెక్కుతూ చేతిలోని పొట్లాన్ని ఎక్కడ పెట్టాలా అని దిక్కులు చూస్తున్నాడు. అందులో రెండు కిలోల ఎండు రొయ్యలున్నాయి. సూరయ్య భార్య పెద్దింట్లమ్మ అడ్వాన్సుగా పంపిన ఫీజు అది.

"రండి, రండి. మీరు వస్తున్నారని వీధి మలుపులోనే తెలిసింది," అన్నాడు లోపలినుంచి వెంకటపతి.

వెంకటపతి బెజవాడ డిటెక్టివ్. సఫారీ సూటు, నంబర్ల తాళమున్న బ్రీఫ్‌కేసు. సంఘం తరఫున వచ్చాడు.

"మీ ముక్కు బాగానే పనిచేస్తోందన్నమాట. కళ్ళ సంగతి చూద్దాం," అన్నాడు శోభనాద్రి పొట్లాన్ని కిటికీలో పెడుతూ.

"చూడటానికేం మిగల్లేదండీ. కేసు నిన్ననే తేల్చేశాను. మంగళవారం సాయంత్రం కోడూరు షట్టరు పూర్తిగా మూసి ఉంది. బుధవారం హైదరాబాదు నుంచి ఒకే ఒక్క ఆర్డరు వచ్చింది, రెండడుగులు ఎత్తమని. గురువారం తొమ్మిదింటికి రైతులు వెళ్ళి చూస్తే షట్టరు ఆరడుగుల మీదుంది. నలభై ఎకరాల నారుమళ్ళు తేలిపోయాయి. ఆరులోంచి రెండు తీసేస్తే ఎంత?"

"నాలుగు."

"ఆ నాలుగడుగులూ ఎవరికోసం ఎత్తాడో చెప్పమంటే వీడు చెప్పడు. అందుకే ఇవాళ మధ్యాహ్నం గప్‌చుప్‌గా జీపెక్కించి తీసుకొచ్చాను. లాకు గదికి తాళం వేసి, నా చేత్తో లక్క సీలు కూడా వేశాను."

సూరయ్య గోడకి చేరగిలబడి నేలమీద కూర్చున్నాడు. యాభై ఏళ్ళుంటాయి. ఒళ్ళో గోనెసంచీ. దాన్ని రెండు చేతులా పట్టుకున్నాడు.

"ఆ సంచీలో ఏముంది?" శోభనాద్రి అడిగాడు.

"ఆయుధం. జీపులో నా మోకాలికి తగిలింది. ఇప్పటికీ నడవలేకపోతున్నాను," అన్నాడు వెంకటపతి.

"లాకు హ్యాండిలండి," సూరయ్య గోనె కొంచెం తొలగించి చూపించాడు. ఎనిమిది కిలోల ఇనుప హ్యాండిలు. ఇది తగిలించి తిప్పితేనే షట్టరు కదులుతుంది. "దీన్ని వదిలి నేనెక్కడికీ వెళ్ళనండి. మా ఆడది కూడా రాత్రిళ్ళు దీన్ని చూసి విసుక్కుంటది."

శోభనాద్రి అతని ముందే నేలమీద కూర్చున్నాడు. ఇరవై ఎనిమిదేళ్ళు తంతి ఆఫీసులో టక్కుటక్కులు విన్న చెవులు అతనివి. అడిగిన ప్రశ్నకంటే జవాబు ఎంత ఆలస్యంగా వచ్చిందన్నది ఎక్కువ గమనిస్తాడు.

"బుధవారం ఎంత ఎత్తావు?"

"రెండండి."

"గురువారం?"

"ఇంకో రెండండి. పొద్దున్న ఎనిమిదీ పదికి మిషన్లో చీటీ వచ్చింది. ఎత్తాను. ఎత్తాక పచ్చ మీట నొక్కాను. అది నొక్కితే పని అయిందని ఇక్కడ బందరులో చీటీ వస్తదండి."

"మొత్తం?"

"నాలుగండి."

"మరి ఆరెలా అయింది?"

"అదే తెలీదండి. చీటీ చూసుకుని, షట్టరు ఎత్తి, చద్దన్నానికి ఇంటికెళ్ళాను. తిరిగొచ్చేసరికి జనం. నేను నాలుగే ఎత్తానండి."

ఒక్క జవాబు కూడా ఆలస్యం కాలేదు.

"ఇందాక రెండన్నాడు, ఇప్పుడు నాలుగంటున్నాడు. ఇంకో కాఫీ తాగేలోపు ఆరు ఒప్పుకుంటాడు," అన్నాడు వెంకటపతి.

"కంగారులో నాలుగు చుట్లు ఎక్కువ తిప్పి ఉంటాడు లెండి. అసలు గొడవ రెండో చీటీతో. ఏదీ, చీటీలు చూపించు సూరయ్యా."

సూరయ్య ఏదో అనబోయి ఊరుకున్నాడు. చొక్కాజేబులోంచి రెండు చీటీలు తీసిచ్చాడు.

వెంకటపతి నవ్వాడు. "నేను చూసినవే. రెండింటి మీదా ఒకటే నంబరు, ఒకటే తేదీ. బుధవారం తేదీ. గురువారం నాడు బుధవారం తారీఖుతో ఆర్డరు వస్తుందా? బుధవారమే మీట రెండుసార్లు నొక్కి ఇంకో కాపీ తీసి దాచాడు. గురువారం అడిగితే చూపించడానికి."

"తేదీ చూసుకోలేదా నువ్వు?" శోభనాద్రి సూరయ్యను అడిగాడు.

"ఇంగ్లీషు రాదండి. చీటీలో నాకు మూడే కావాలి. మా లాకు నంబరు, బాణం పైకుందా కిందకుందా, ఎన్నడుగులు."

శోభనాద్రి చీటీలను వెలుతురుకు పట్టి చూశాడు. తిప్పి చూశాడు. తర్వాత లేచి కంప్యూటరు గది తలుపు తట్టాడు.

గది బయటే చెప్పులు విడవాలి. లోపల చల్లగా ఉంది. బీరువా అంత మినీ కంప్యూటరు, దాని నుదుట కుంకుమబొట్టు. దాన్ని ఆఫీసులో అందరూ చిన్నబ్బాయి అంటారు. టెలిఫోను లైను మీద అది మాట్లాడేది హైదరాబాదులో ఒక హాలు నిండా ఉన్న మెయిన్‌ఫ్రేముతో. దాని పేరు పెద్దాయన. పెద్దాయన్ని బందరులో ఎవరూ చూడలేదు. అయినా ఆయన మాట మీదే దివిసీమలో పదకొండు లాకులు లేస్తాయి, దిగుతాయి.

తెర ముందు ఆపరేటరు అన్నపూర్ణ కూర్చుంది. పక్కన నిలబడ్డ అమ్మాయి మాధవి. గుడివాడ పిల్ల. ఈ రెండు మిషన్లూ మాట్లాడుకునే ప్రోగ్రాం రాసింది ఆమే.

"అన్నపూర్ణగారూ, కోడూరు మిషనుకి కాగితం చుట్టలు ఎవరు పంపుతారు?"

"నేనేనండి అన్నయ్యగారూ. బస్సు కండక్టరు చేతికిచ్చి పంపుతాను."

"చివరిది ఎప్పుడు పంపారు?"

ఆమె రిజిస్టరు తీసింది. "బుధవారం సాయంత్రం ఆఖరి బస్సులో. గురువారం ఏడూ అయిదుకి సూరయ్యకి ముట్టింది. కండక్టరు సంతకం కూడా ఉంది."

శోభనాద్రి చీటీలు రెండూ బల్లమీద పరిచాడు. "చుట్ట అయిపోవచ్చినప్పుడు..."

"నిండుకోవచ్చినప్పుడు," అన్నపూర్ణ సరిదిద్దింది.

"సరే, నిండుకోవచ్చినప్పుడు కాగితం అంచున ఎర్రగీత వస్తుంది కదా. ఇదిగో మొదటి చీటీ. అంచంతా ఎరుపే. రెండోదానికి ఒక్క చుక్క ఎరుపు లేదు. అంటే అది కొత్త చుట్ట మీద అచ్చయింది. ఆ చుట్ట గురువారం ఏడూ అయిదుకి ముందు కోడూరులోనే లేదు. వెంకటపతిగారూ, ఇంకా రాని కాగితం మీద సూరయ్య బుధవారం కాపీ ఎలా తీశాడండీ?"

వెంకటపతి చీటీలు లాక్కుని చూశాడు. బ్రీఫ్‌కేసు నంబర్లు అటూ ఇటూ తిప్పాడు. అది తెరుచుకోలేదు.

"అయితే ఆ ఆర్డరు ఇక్కణ్ణుంచే వెళ్ళింది. ఈ అమ్మాయి పంపింది," అన్నాడు మాధవి వైపు తిరిగి. "హైదరాబాదు రికార్డులో మాత్రం ఒక్కటే ఉంది. మీ చిన్నబ్బాయి అబద్ధాలాడుతున్నాడు."

"మా వాడికి అంత తెలివి లేదండి," అంది మాధవి. "పెద్దాయన చెప్పింది చెప్పినట్టు లాకులకు పంపుతాడు, అంతే."

"వీళ్ళిద్దరూ ఎలా మాట్లాడుకుంటారో నాకు చెప్పమ్మా," అన్నాడు శోభనాద్రి. "తంతివాడికి చెప్పినట్టు చెప్పు."

"వంతులేసుకుని మాట్లాడతారు బాబాయ్‌గారూ. ఒకళ్ళు చెప్తుంటే రెండోవాళ్ళు వినాలి. పొద్దున్న ఎనిమిదింటికి పదకొండు లాకుల నీటిమట్టాలు మావాడు చెప్తాడు, చెప్పి వంతు ఇచ్చేస్తాడు. పెద్దాయన లెక్కగట్టి ఆర్డర్లు చెప్తాడు. రోజంతా ఇంతే. సాయంత్రం మావాడు ఇక ముగిద్దామంటాడు, ఆయన సరేనంటాడు. అప్పుడు ఆ రోజు ఆర్డర్లన్నీ కొట్టేసి పుస్తకం మూసేస్తాడు."

"ముగిద్దామని అనకపోతే?"

"మాట ఇంకా నడుస్తోందనుకుంటాడు. మర్నాడు మనం మళ్ళీ పలకరిస్తే, నిన్న చెప్పింది వినపడలేదేమోనని అదే ఆర్డరు మళ్ళీ చెప్తాడు. అదే నంబరు, అదే తేదీ. ఆయన పుస్తకంలో అది కొత్త ఆర్డరు కాదు కాబట్టి ఒక్కటిగానే ఉంటుంది. కానీ అలా జరగదు బాబాయ్‌గారూ. మూడేళ్ళుగా ఒక్కసారి కూడా జరగలేదు. రోజూ సాయంత్రం ముగించాలా అని తెరమీద వస్తుంది. అన్నపూర్ణగారు నొక్కుతారు."

శోభనాద్రి అన్నపూర్ణ వైపు చూడలేదు. గది చూడటం మొదలుపెట్టాడు. తలుపు పక్కన మేకుకు లాంతరు వేలాడుతోంది. దాని చిమ్నీ మీద వేలుతో గీశాడు. దుమ్ములో చార పడింది.

"ఇంత శుభ్రమైన గదిలో లాంతరుకి దుమ్మేమిటండీ?"

"ఇప్పుడు దాంతో పనేముందండి? రోజూ ఆరింటికి కరెంటు పోయేది, వెలిగించుకునేవాళ్ళం. మంగళవారమే ఆఖరు. బుధవారం పొద్దున్న జనరేటరు పెట్టారుగా. ప్రెసిడెంటుగారు కొబ్బరికాయ కూడా కొట్టారు."

"బుధవారం ఆరింటికి కరెంటు పోయిందా?"

"పోయింది. మాకు తెలిస్తేగా." ఆమె గర్వంగా చెప్పింది. "దీపం కూడా రెపరెపలాడలేదు."

"సరే, సాయంత్రం ఇంటికి వెళ్ళేటప్పుడు ఏం చేస్తారో ఒకసారి చేసి చూపించండి."

అన్నపూర్ణ ఒక మీట నొక్కింది. తెరమీద ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాట వచ్చింది. ముగించాలా? అవునా, కాదా?

ఆమె వేలు ఏమాత్రం తడబడకుండా 'కాదు' నొక్కింది. తెర ఆపింది. చిన్నబ్బాయికి దణ్ణం పెట్టుకుంది. "అంతేనండి. వెళ్ళొస్తానని చెప్పి వెళ్ళిపోతాను."

మాధవి మొహం పాలిపోయింది. "కాదు నొక్కుతారా? రోజూనా?"

"మరి? దీపాలు పెట్టే వేళ ఆ మాటేంటమ్మా? మా ఇంట్లో బియ్యం అయిపోయాయని అనం, నిండుకున్నాయంటాం. గడప దాటేటప్పుడు వెళ్తానని అనం, వెళ్ళొస్తానంటాం. పదకొండు లాకులకి నీళ్ళిచ్చే తల్లిలాంటి మిషన్ని పట్టుకుని ముగించాలా అని అడుగుతుంటే, శుక్రవారం పూట కూడా, అవునని నొక్కమంటావా? నువ్వు చిన్నదానివి, తెలీక రాశావులే అని సరిపెట్టుకున్నాను."

"మీరే కదండీ ఇంగ్లీషు అర్థం కావట్లేదు, తెలుగులో పెట్టమన్నారు."

"ఇంగ్లీషులో ఉన్నన్నాళ్ళూ నొక్కాను కదమ్మా. ఇంగ్లీషుకి అశుభం ఏముంటుంది?"

వెంకటపతి కుర్చీలో కూలబడ్డాడు. శోభనాద్రి జేబులోంచి చేతిరుమాలు తీసి నవ్వు తుడుచుకున్నాడు.

"అదండీ సంగతి. తెలుగులోకి మారినప్పట్నుంచీ ఈవిడ కాదనే నొక్కుతున్నారు. కానీ రోజూ ఆరింటికి కరెంటు పోయేది, చిన్నబ్బాయి పడుకునేవాడు, లైను తెగేది. లైను తెగితే పెద్దాయన ఏమనుకుంటాడమ్మా?"

"ముగిసిందనుకుని తనే పుస్తకం మూసేస్తాడు," అంది మాధవి నీరసంగా.

"కాబట్టి ఈ ప్రోగ్రామును ఇన్నాళ్ళూ సరిగ్గా నడిపింది కరెంటు కోత. బుధవారం జనరేటరొచ్చింది. లైను తెగలేదు. గురువారం పొద్దున్న మనవాడు పలకరించగానే పెద్దాయన నిన్నటి రెండడుగులు మళ్ళీ చెప్పాడు. సూరయ్య చీటీ ప్రకారం ఎత్తాడు. మా తంతి ఆఫీసులో కూడా ఇలాగే ఒకసారి, కోడూరులో ఒకాయనకి ఒకే మనవడు మూడుసార్లు పుట్టాడు."

గడియారం నాలుగూ ముప్ఫై అయిదు. ప్రెసిడెంటు ఈశ్వరరావు ఫిర్యాదు కాగితం పట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు. భారీ మనిషి. చెప్పులు విడిచి లోపలికి రావడానికే నిమిషం పట్టింది. శోభనాద్రి అంతా మళ్ళీ చెప్పాడు.

"వినడానికి బాగుంది," అన్నాడు వెంకటపతి. "రుజువేది? ఇదంతా మీ ఊహ."

"నిన్నా ఇవాళా మిషను ముట్టుకున్నారా?"

"ప్రెసిడెంటుగారు ఆపమన్నారు. జనరేటరు మాత్రం నడుస్తోంది," అంది అన్నపూర్ణ.

"అంటే ఆ మాట ఇంకా ముగియలేదు. పెద్దాయన అక్కడే చెవి ఒగ్గి కూర్చున్నాడు. అన్నపూర్ణగారూ, గురువారం పొద్దున్న ఏం చేశారో అదే చేయండి. నీటిమట్టాలు పంపండి. ఆయన మళ్ళీ కోడూరు రెండడుగులే అంటాడు. కావాలంటే నా రొయ్యలు పందెం."

"మీ రొయ్యలు నాకొద్దు," అన్నాడు వెంకటపతి. అయినా ముందుకు వంగాడు.

అన్నపూర్ణ అంకెలు కొట్టింది. తెర రెండు క్షణాలు ఊరుకుంది. తర్వాత ఒక్క వరుస వచ్చింది. బుధవారం తేదీ, అదే నంబరు, కోడూరు, పైకి, రెండడుగులు. కింద ఇంకో వరుస: లాకుకు పంపడమైనది.

శోభనాద్రి చేతులు కట్టుకుని అందరి వైపూ చూశాడు. చప్పట్లకోసం ఆగినట్టే ఉన్నాడు.

"పంపడమైనదా?" అన్నాడు ఈశ్వరరావు. "నిజంగానే వెళ్ళిపోయిందా? అక్కడ ఇవాళ పొద్దున్నేనయ్యా రైతులు మళ్ళీ విత్తనాలు చల్లుకుంది. ఇప్పుడు రెండడుగులు లేస్తే గింజ మిగలదు."

శోభనాద్రి చేతులు విప్పుకున్నాడు. ఆ సంగతి అతనికి తట్టలేదు.

"కంగారు పడకండి," అన్నాడు వెంకటపతి. ఆ మధ్యాహ్నం మొదటిసారి అతని మొహంలో వెలుగొచ్చింది. "గదికి నా సీలుంది. చీటీ చూసేవాడే లేడు."

"చూసినా ఏం చెయ్యగలడండి?" సూరయ్య గుమ్మం బయటనుంచి గోనెసంచీ ఎత్తి చూపించాడు. "హ్యాండిలు నా దగ్గరుంది."

అందరూ ఊపిరి పీల్చుకున్నారు. అన్నపూర్ణ నవ్వేసింది. ఈశ్వరరావు ఫిర్యాదు కాగితాన్ని మడిచి విసనకర్రలా ఊపుకున్నాడు.

"ముందు ఈ మాట ముగించెయ్యండి అన్నపూర్ణగారూ, మీకు పుణ్యముంటుంది," అన్నాడు.

"నా చేత్తో నొక్కను. మాధవీ, నువ్వు నొక్కు."

మాధవి నొక్కింది. పెద్దాయన సరేనన్నాడు. పుస్తకం మూతపడింది.

"ఇంక వెళ్ళొచ్చా?" అంటూ శోభనాద్రి బయటి కిటికీలో పొట్లం కోసం అడుగేశాడు.

"ఒక్క అనుమానం బాబాయ్‌గారూ," అంది మాధవి. ఆమె వేళ్ళమీద ఏదో లెక్కపెడుతోంది. "బుధవారం రెండు. గురువారం రెండు. మా తప్పు వల్ల మొత్తం నాలుగు. షట్టరు ఆరడుగుల మీదుందన్నారు. మిగిలిన రెండడుగులు ఎక్కణ్ణుంచి వచ్చాయి?"

అప్పుడే మూలనున్న ప్రింటరు ఒక్కసారి గరగరలాడి ఆగింది.

మాధవి కాగితం చింపి చదివింది. రెండోసారి చదివింది.

"కోడూరు లాకు. నాలుగూ యాభై రెండు. పని అయింది."

"ఏం పని?" అన్నాడు ఈశ్వరరావు.

"ఎవరో పచ్చ మీట నొక్కారండి. షట్టరు ఎత్తేశారు."

అందరి కళ్ళూ సూరయ్య చేతిలోని హ్యాండిలు మీద పడ్డాయి. అది అక్కడే ఉంది.

"నా సీలు..." అన్నాడు వెంకటపతి.

"కాలువ వైపు కిటికీకి కూడా వేశారా?" శోభనాద్రి అడిగాడు.

"కిటికీకి లక్క సరిపోలేదు."

"దించమని ఆర్డరు పంపనా?" అంది అన్నపూర్ణ.

"పంపండి," అన్నాడు వెంకటపతి. "చీటీ ప్రకారం ఎత్తి మీట కూడా నొక్కాడంటే చాలా పద్ధతైన దొంగ. దించినా దించుతాడు."

శోభనాద్రి ఆ మాట వినలేదు. "సూరయ్య ఇవాళ బందరులో ఉన్నాడని వాడికి తెలీదు. ఈ చీటీ కూడా సూరయ్య లెక్కలోకే పోతుందనుకున్నాడు. ప్రెసిడెంటుగారూ, ఇలాంటి హ్యాండిలు ఇంకొకటి ఉందా?"

"ఉంది. స్పేరు. నా గదిలో, నా బీరువాలో. తాళం నా మొలతాడుకే ఉంటుంది, స్నానానికి కూడా తియ్యను."

అందరూ ఆయన గదిలోకి పరిగెత్తారు. ఈశ్వరరావు మొలతాడుకున్న తాళంతో బీరువా తెరిచాడు. అడుగు అరలో హ్యాండిలు ఆకారంలో గోనెపట్టా చుట్టి, పురికొసతో కట్టిన మూట నిలబడి ఉంది.

"చూశారా, ఉంది," అన్నాడాయన. మూట ఎత్తబోయి, బరువుంటుందనుకున్నది తేలిగ్గా చేతికి రావడంతో వెనక్కి పడబోయాడు. వెంకటపతి పట్టుకున్నాడు.

శోభనాద్రి పురికొస తెంపాడు. గోనె విప్పాడు. లోపల మూరెడు పొడవు చెరుకు గడ ఉంది. గోటితో నొక్కితే రసం కారింది. కోసి నాలుగు రోజులు కూడా కాలేదు.

గడియారం అయిదు కొట్టింది. ఈశ్వరరావు చేతిలో నలిగిపోయిన ఫిర్యాదు కాగితాన్ని చూసుకున్నాడు. కోడూరు షట్టరు లేచినప్పుడు దివిసీమ మొత్తంలో దాన్ని ఎత్తే అవకాశం లేని మనిషి ఒక్కడే. అతను తన కళ్ళెదుటే హ్యాండిలు పట్టుకుని నిలబడ్డాడు. కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి జేబులో కుక్కుకున్నాడు.

"జీపు తియ్యండి వెంకటపతిగారూ. కోడూరుకి గంటన్నర దారి," అన్నాడు శోభనాద్రి. రొయ్యల పొట్లం అక్కడే వదిలేసి రెండు మెట్లు దిగాడు. ఆగి వెనక్కి తిరిగాడు. సూరయ్య సంచీ భుజాన వేసుకుని వెంటే వస్తున్నాడు.

"సూరయ్యా, నువ్వు ఎత్తింది నాలుగేనా?"

"మొదట్నుంచీ అదే చెప్తున్నానండి."